నికోసియాలో సీటు, ఆఫర్ లెటర్‌లో టర్కీ అడ్రస్: మధ్యలో బోర్డర్ ఉన్న ఊళ్లో బతుకు ఎలా ఉంటుంది?

లక్ష్మీపురం_గుంటూరు

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి బీకామ్ అయిపోయింది, ఎంబీఏకి బయటి దేశం వెళ్తానంటోంది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు సైప్రస్ రాజధాని నికోసియాలో సీటు ఇప్పించారు. "సైప్రస్ అంటే యూరప్ అండీ, ఫీజు తక్కువ, వీసా టెన్షన్ ఉండదు" అన్నారు. అడ్వాన్స్ కట్టాం. నిన్న ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో ఊరి పేరు లెఫ్కోషా అని, దాని కింద మెర్సిన్ 10, టర్కీ అని ఉంది. టికెట్ ఇస్తాంబుల్ మీదుగా ఎర్జాన్ అనే ఎయిర్‌పోర్టుకి. అదేమిటని అడిగితే "అదే ఊరు మేడమ్, వాళ్లు అలా పిలుచుకుంటారు" అని ఫోన్ పెట్టేశారు.

ఆ ఊరు రెండు ముక్కలు, మధ్యలో సైన్యం ఉంటుంది, కాస్త ఆలోచించు అక్కా అని మా తమ్ముడు అంటున్నాడు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఊరి మధ్యలో బోర్డర్ ఉంటే జనం రోజూ ఎలా బతుకుతారు? ఆడపిల్లని పంపొచ్చా?

పటమట_బెజవాడ

సైప్రస్ 2004 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉందండీ. మా బంధువులబ్బాయి లిమసోల్‌లో చదువుకుంటూ హోటల్లో పని చేసుకుంటున్నాడు. ఏ ఇబ్బందీ లేదు. అంత కంగారు అక్కర్లేదు.

గుణదల_అక్క

లక్ష్మీపురం గారూ, ఇంకొక్క రూపాయి కూడా కట్టకండి. ముందు ఇది చదవండి. నేను నికోసియాలో కొన్నేళ్లు ఒక పెద్దావిడని చూసుకునే పనిలో ఉండి వచ్చాను.

పటమట గారు చెప్పిన లిమసోల్ దక్షిణం వైపు. మీ కాగితం ఉత్తరం వైపుది. దక్షిణాన ఉన్నది సైప్రస్ రిపబ్లిక్. మన దేశం గుర్తించింది దాన్నే, మన హైకమిషన్ ఉన్నదీ అటే. ఉత్తరాన 1983లో తమకు తామే ప్రకటించుకున్న ప్రభుత్వం ఉంది. దాన్ని టర్కీ తప్ప ఇంకెవరూ గుర్తించలేదు. అందుకే అక్కడికి పోస్టు కూడా నేరుగా వెళ్లదు. టర్కీలోని మెర్సిన్ ఊరి మీదుగా పంపాలి, ఆ మెర్సిన్ 10 అనేది అదే. విమానాలూ టర్కీ మీదుగానే వచ్చి ఎర్జాన్‌లో దిగుతాయి.

అసలు సంగతి ఇక్కడే ఉందండీ. ఎర్జాన్‌లో దిగినవాళ్లు చట్టప్రకారం దేశంలోకి వచ్చినట్టు దక్షిణం ప్రభుత్వం ఒప్పుకోదు. అంటే మీ అమ్మాయి ఆ ఊళ్లోనే ఉంటుంది, కానీ రెండో సగంలో కాలు పెడతానంటే పెట్టనిస్తారని నమ్మకం లేదు. పాస్‌పోర్టు పోయినా, కాలేజీ వాళ్లు మోసం చేసినా, ఒంట్లో బాగోకపోయినా పిల్ల ముందుగా పరుగెత్తాల్సింది మన హైకమిషన్‌కి. అది కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మధ్యలో చెక్‌పోస్టు ఉంటుంది. 2021లో ఇద్దరు కామెరూన్ దేశస్థులు ఉత్తరం నుంచి దక్షిణానికి రాబోయి మధ్యలో ఐక్యరాజ్యసమితి చేతిలో ఉన్న ఖాళీ జాగాలో చిక్కుకున్నారు. ఎటూ పోనివ్వలేదు. నెలల తరబడి గుడారంలో ఉన్నారు. వాళ్లు ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు, మీ అమ్మాయి సంగతి వేరు. కానీ ఆ గీత దగ్గర అందరికంటే ముందు చూసేది, నువ్వు ఏ వైపు నుంచి దేశంలోకి వచ్చావు అన్నదే.

యూరప్ అని చెప్పింది కూడా తప్పే. ద్వీపం మొత్తం కాగితం మీద యూరోపియన్ యూనియన్‌దే అయినా ఉత్తరంలో ఆ చట్టాలు అమల్లో లేవు. కన్సల్టెన్సీ వాళ్లని కాలేజీ ఏ ప్రభుత్వం కింద ఉందో, ఆ డిగ్రీ మన దేశపు డిగ్రీకి సమానమనే సర్టిఫికెట్ ఇక్కడ వస్తుందో లేదో రాసి ఇమ్మనండి. నోటిమాట వద్దు. రాసివ్వమంటేనే తెలిసిపోతుంది.

లక్ష్మీపురం_గుంటూరు

అమ్మా, మీకు వేల దండాలు. మా పిల్లకి చదివి వినిపించాను, ఇద్దరం గమ్మున కూర్చుండిపోయాం. మరి దక్షిణం వైపు అయితే ఫర్వాలేదా? అక్కడా మధ్యలో సైన్యమే కదా?

నికోసియా_తెనాలి

ఆంటీ, మాది తెనాలి. ఇప్పుడు దక్షిణం వైపు చదువుతున్నాను. మీ ప్రశ్నకి సూటిగా జవాబు: రోజువారీ బతుకులో భయం లేదు. రాత్రి క్లాసు అయ్యాక నడిచి రూముకి వస్తాను. తుపాకీ మోతలు, కర్ఫ్యూలు ఏమీ ఉండవు. మా అమ్మ కూడా మొదట్లో రోజూ ఏడ్చేది, ఇప్పుడు కూరలేం వండుకున్నావని మాత్రమే అడుగుతోంది.

ఊరెలా ఉంటుందో చెప్తాను. పాత ఊరి చుట్టూ వెనిస్ వాళ్లు కట్టిన గుండ్రటి కోట గోడ ఉంది, 11 బురుజులు. ఆ గుండ్రాన్ని అడ్డంగా కోసుకుంటూ బోర్డర్ పోతుంది. లెడ్రా స్ట్రీట్ అని మన బీసెంట్ రోడ్డులాగా జనం నడిచే బజారు, బట్టల షాపులు, కాఫీ హోటళ్లు. నడుస్తూ నడుస్తూ పోతే ఒక పోలీసు గది వస్తుంది. అక్కడ పాస్‌పోర్టు చూపించి ఇంకొన్ని అడుగులు వేస్తే పాడుబడ్డ ఇళ్లు, పూలకుండీలు, తర్వాత అటు వాళ్ల పోలీసు గది. అక్కడ మళ్లీ పాస్‌పోర్టు. దాటగానే అదే బజారు, కాకపోతే బోర్డులు టర్కిష్‌లో ఉంటాయి, యూరోలకు బదులు లీరాలు. పక్క వీధుల్లోకి వెళ్తే మాత్రం అసలు రూపం కనిపిస్తుంది. సందు చివర ఇసుక బస్తాలు, పీపాలు, ముళ్లతీగ, ఫొటో తీయొద్దని బోర్డు. కొన్నిచోట్ల మధ్య జాగా వెడల్పు మూడు నాలుగు మీటర్లే. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, కానీ అది వేరే లోకం.

మా లాంటి విద్యార్థులకి పింక్ స్లిప్ అని నివాస పర్మిట్ ఇస్తారు. అది, పాస్‌పోర్టు రెండూ జేబులో లేకుండా లెడ్రా వైపు వెళ్లను. అటు వెళ్లేది కూడా తక్కువే. పర్మిట్ రెన్యువల్‌లో ఉన్నప్పుడు అసలు వెళ్లం, తిరిగి రావడంలో పేచీ వస్తే చదువు మొత్తం పోతుంది. పని గంటలకి కూడా పరిమితి ఉంది, హోటల్లో పని చేసుకుని ఫీజు కట్టేస్తాననుకుని రాకండి. ఇంకొకటి, ఈ వీసాతో జర్మనీ, ఫ్రాన్స్ తిరగలేం. సైప్రస్ యూనియన్‌లో ఉంది గానీ, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లో లేదు. కన్సల్టెన్సీలు ఇది చెప్పవు.

పటమట_బెజవాడ

నాకు ఇదంతా కొత్తగా ఉంది. ఇండియా పాకిస్తాన్‌లాగా మతం మీద విడిపోయారా? ఎవరైనా చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_మాస్టారు

క్లుప్తంగా చెప్తాను. ద్వీపంలో గ్రీకు మాట్లాడే క్రైస్తవులు ఎక్కువ, టర్కిష్ మాట్లాడే ముస్లింలు తక్కువ. బ్రిటిష్ వాళ్లు పాలించారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది, అధ్యక్షుడు గ్రీకు సైప్రియట్, ఉపాధ్యక్షుడు టర్కిష్ సైప్రియట్ అనే ఏర్పాటుతో. బ్రిటన్, గ్రీస్, టర్కీ హామీదారులు. మూడేళ్లకే ఆ కాపురం చెడింది. 1963 డిసెంబరులో నికోసియాలో కొట్లాటలు, చావులు. బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు. అందుకే నేటికీ దాన్ని గ్రీన్ లైన్ అంటున్నారు. అంటే బెర్లిన్ గోడ కట్టిన రెండేళ్లకే నికోసియా చీలింది. చాలామంది ఇదంతా 1974లోనే మొదలైందనుకుంటారు, కాదు. 1963 నుంచి 1974 దాకా ఎక్కువ కష్టపడ్డది టర్కిష్ సైప్రియట్లు. ఊళ్లు వదిలి చిన్న చిన్న పేటల్లో ఇరుక్కుని బతికారు.

1974 జూలై 15న గ్రీస్ సైనిక ప్రభుత్వం అండతో అధ్యక్షుడు మకారియోస్ మీద తిరుగుబాటు జరిగింది. ద్వీపాన్ని గ్రీస్‌లో కలపాలన్నది తిరుగుబాటుదారుల కోరిక. అయిదు రోజులకి, 20న, టర్కీ సైన్యం దిగింది. ఆగస్టులో రెండో విడత దాడి. ఉత్తర భాగమంతా వాళ్ల చేతికి పోయింది. 1,60,000 మందికి పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, 40,000 మందికి పైగా టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి కట్టుబట్టలతో వెళ్లారు. మధ్యలో 180 కిలోమీటర్ల బఫర్ జోన్, అంటే ఐక్యరాజ్యసమితి చేతిలో ఉన్న ఆ ఖాళీ జాగా. అప్పటి నుంచి 2003 దాకా దాదాపు పూర్తిగా మూసేశారు.

మనవాళ్లకి తెలియాల్సిన మాట ఒకటుంది. ఐక్యరాజ్యసమితి శాంతి సేన 1964లో అక్కడికి వెళ్లింది. దాని మొదటి కమాండర్ మన లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. గ్యానీ. తర్వాత జనరల్ కె.ఎస్. తిమ్మయ్య వెళ్లారు. ఆయన 1965 డిసెంబరులో అక్కడే, డ్యూటీలో ఉండగానే పోయారు. లార్నాకాలో ఆయన పేరుతో వీధి ఉంది, సైప్రస్ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. 1974 యుద్ధం నాడు సేనను నడిపింది కూడా మన మనిషే, ప్రేమ్ చంద్. రెండు వైపుల వాళ్లూ నికోసియా విమానాశ్రయం కోసం కొట్టుకుంటుంటే అది ఐక్యరాజ్యసమితి రక్షణలో ఉందని ప్రకటించి మధ్యలో నిలబడ్డారు. ఆ విమానాశ్రయం అప్పటి నుంచి మూతే. ఒక పాత ట్రైడెంట్ విమానం అక్కడే తుప్పు పడుతోంది.

బెర్లిన్_కృష్ణాతీరం

మాస్టారు బెర్లిన్ పేరెత్తారు కాబట్టి రాస్తున్నాను. నేను విజయవాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి బెర్లిన్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ గోడ లేచింది 1961 ఆగస్టు 13, ఆదివారం. జనం నిద్ర లేచేసరికి ముళ్లతీగ ఉంది. పశ్చిమ బెర్లిన్ చుట్టూ 155 కిలోమీటర్లు. నేను ఆఫీసుకి ఎక్కే యూ8 అనే భూగర్భ రైలు అప్పట్లో పశ్చిమం నుంచి బయల్దేరి తూర్పు బెర్లిన్ కింద నుంచి పోయి మళ్లీ పశ్చిమంలో తేలేది. మధ్య స్టేషన్లలో ఆగేది కాదు, నెమ్మదిగా దాటేది. చీకటి ప్లాట్‌ఫారాల మీద తూర్పు సైనికులు కాపలా. వాటిని దయ్యాల స్టేషన్లనేవారు. నాతో పనిచేసే పెద్దాయన చిన్నప్పుడు అలాగే స్కూలుకి వెళ్లేవాడట. వాళ్ల అమ్మమ్మ ఇల్లు ఆ స్టేషన్ పైనే ఉండేది. రైలు ఆ ఇంటి కింద నుంచి రోజూ పోయేది, ఆయన ఆమెను చూడలేదు.

ఇక్కడివాళ్లతో మాట్లాడితే నాకు అర్థమైంది ఇది. గోడ గురించి ప్రపంచం చెప్పుకునేది దూకినవాళ్ల కథలు, కాల్పులు. ఇక్కడ బతికినవాళ్లు చెప్పేది పర్మిట్ల గురించి. 1963 క్రిస్మస్‌కి మొదటిసారి పశ్చిమ బెర్లిన్ వాళ్లని ఒక్క రోజు చొప్పున తూర్పులో బంధువుల ఇంటికి పంపారు. ఆ కాగితం కోసం చలిలో గంటల తరబడి క్యూ. రెండు బెర్లిన్ల మధ్య ఫోన్ లైన్లు 1952లోనే తెగ్గోశారు, మళ్లీ కలిసింది 1971లో. ఒకే ఊళ్లో ఉండి పుట్టినరోజుకి ఫోన్ చేయలేకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కృష్ణలంక

ఊహించుకోవాల్సిన పని లేదు సర్. 2021 మే నెల మనం మర్చిపోయామా? కోవిడ్ రెండో వేవ్‌లో మా బాబాయికి ఆక్సిజన్ పడిపోతుంటే హైదరాబాద్‌లో బెడ్ దొరికిందని అంబులెన్స్‌లో బయల్దేరదీశాం. జగ్గయ్యపేట దాటాక రాష్ట్ర సరిహద్దులో ఆపేశారు. హాస్పిటల్ నుంచి లెటర్ కావాలన్నారు. మా ముందు వరసగా అంబులెన్స్‌లు. 2014 వరకూ ఒకే రాష్ట్రం, మా బాబాయి ఉద్యోగం చేసి రిటైరైంది ఆ హైదరాబాద్‌లోనే. హైకోర్టు ఆ ఆపడం తప్పని ఆదేశమిచ్చాకే రోడ్డు తెరుచుకుంది. మాకు అప్పటికే ఆలస్యమైంది. ఆయన దక్కలేదు. అందుకే నాకు ఈ నికోసియా కబుర్లు పరాయివి అనిపించడం లేదు.

మాచర్ల_రోడ్డు

అన్నా, చదివి కళ్లు చెమర్చాయి. మా వైపు సంగతి కూడా చెప్తాను. 2023 నవంబరు ఆఖర్లో నాగార్జున సాగర్ డ్యామ్ మీద 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. ఇటు 13 గేట్లు, అటు 13 గేట్లు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా. తర్వాత కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ని దింపింది. కుడి కాలువ నీళ్ల కింద బతికే ఊరు మాది. ఆ కంచె ఫొటో చూసి మా నాన్న అన్నం తినలేదు. అటు వాళ్లకీ నీళ్లే కావాలి, ఎడమ కాలువ కింద మా మేనత్త వాళ్ల పొలాలున్నాయి.

బ్రాడీపేట_మాస్టారు

కృష్ణలంక గారూ, మీ బాబాయిగారి విషయం చాలా బాధాకరం. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. రాష్ట్రాల మధ్య గీతనూ, నికోసియా గీతనూ ఒక గాటన కట్టకూడదు. మనం కోర్టుకి వెళ్లాం, రెండు మూడు రోజుల్లో ఆదేశం వచ్చింది. మనకి రెండు వైపులా ఒకే పౌరసత్వం, ఒకే పాస్‌పోర్టు, ఒకే సుప్రీంకోర్టు. అక్కడ రెండు వైపులా ఒప్పుకునే కోర్టు ఊళ్లో లేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా అక్కడ టర్కీ సైన్యం వేల సంఖ్యలో ఉంది. మన ఆవేశంలో ఆ తేడా చెరిగిపోతే, మన దగ్గర ఉన్నదాని విలువ మనకే తెలియకుండా పోతుంది.

కృష్ణలంక

తేడా ఒప్పుకుంటాను మాస్టారూ. నేనన్నది సైన్యం గురించి కాదు. మధ్యలో మనిషి ఆగిపోయినప్పుడు అతనికి రెండు రోజులు కూడా ఎక్కువే. గీత గీసే ముందు, మూసే ముందు, అంబులెన్స్ ఎలా పోతుంది, నీళ్లు ఎలా పోతాయి అని ఎవరో ఒకరు కూర్చుని రాసుకోవాలి. నా బాధ అది.

సత్యనారాయణపురం_ఇంజనీరు

ఈ చర్చలో నేను చెప్పగలిగింది ఒకటుంది. మున్సిపాలిటీలో మురుగునీటి పనుల్లో రిటైరయ్యాను. కృష్ణలంక గారు అడిగినట్టు కూర్చుని రాసుకున్నవాళ్లు నికోసియాలో ఉన్నారు. మా వృత్తిలో దాని గురించి చదివి నేను ఎంతో గౌరవం పెంచుకున్నాను.

నికోసియా మురుగు కాలువల ప్రాజెక్టు 1974కి ముందే మొదలైంది. ఊరి వాలు ఈశాన్యానికి. పెడియోస్ అనే చిన్న నది కూడా దక్షిణాన ట్రూడోస్ కొండల్లో పుట్టి ఊరి గుండా అటే పోతుంది. కాబట్టి శుద్ధి కేంద్రానికి జాగా ఈశాన్యంలో మియా మిలియా దగ్గర చూశారు. ఇంజనీరు ఎవరైనా అదే చేస్తాడు, మురుగుని గ్రావిటీ మీద పోనివ్వాలి గానీ ఎదురు పంపింగ్ చేస్తే కరెంటు బిల్లు, మోటార్ల రిపేర్లు తరతరాలు మోయాలి. ఈలోగా యుద్ధం వచ్చింది. పైపుల్లో ఎక్కువ భాగం దక్షిణాన, శుద్ధి కేంద్రం జాగా ఉత్తరాన పడ్డాయి. దక్షిణానికి మురుగు వదిలే చోటు లేదు, ఉత్తరానికి పైపుల నెట్‌వర్క్ లేదు. ఇళ్ల కింద గోతుల్లో మురుగు నిండిపోతోంది.

అప్పుడు దక్షిణం మేయర్ లెల్లోస్ డెమిట్రియాడెస్, ఉత్తరం మేయర్ ముస్తఫా అకింజీ. ఒకరి పదవిని ఇంకొకరు ఒప్పుకోకూడని రాజకీయం. ఒప్పుకుంటే ఎదుటి ప్రభుత్వాన్ని గుర్తించినట్టే. అయినా 1978లో ఇద్దరూ మాట్లాడుకుని ఉమ్మడి మురుగు వ్యవస్థకి ఒప్పుకున్నారు. సైనికులు ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టి ఉన్న గీత కింద నుంచి దక్షిణం మురుగు ఉత్తరానికి పోయి శుద్ధి అయింది. ఈనాటికీ అంతే. తర్వాత యూరోపియన్ యూనియన్ డబ్బుతో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ నిర్వహణలో అక్కడే పెద్ద కొత్త ప్లాంట్ కూడా కట్టారు. ఆ ఇద్దరు మేయర్లే మురుగుతో ఆగకుండా 1979 నుంచి ఊరు మొత్తానికి ఒకే మాస్టర్ ప్లాన్ వేయించారు. ఎప్పటికైనా గీత తీసేస్తే రోడ్లు కలిసేలా, పాత ఇళ్లు కూలకుండా రెండు వైపులా ఒకే పద్ధతిలో బాగుచేసేలా. 2008లో లెడ్రా స్ట్రీట్ తెరిచినప్పుడు రెండు ముక్కలూ ఇట్టే అతుక్కున్నాయంటే ఆ ప్లానే కారణం.

కరెంటు సంగతి కూడా అలాంటిదే. 1974 తర్వాత కూడా 1990ల మధ్య దాకా ఉత్తరానికి కరెంటు దక్షిణం నుంచే వెళ్లింది. 2011 జూలైలో దక్షిణాన నౌకాస్థావరంలో ఆయుధాల కంటైనర్లు పేలి పక్కనున్న వాసిలికోస్ పవర్ స్టేషన్ దెబ్బతింది, దేశం సగం చీకటి. అప్పుడు ఉత్తరం నుంచి కరెంటు కొన్నారు.

మాచర్ల తమ్ముడూ, మీ నాన్నగారికి ఇది చెప్పండి. కాలువలకి వాలు ఒక్కటే తెలుసు. ఆ వాలుని లెక్కలోకి తీసుకున్న ఇద్దరు మనుషులు కూర్చుంటే పని జరుగుతుంది. మన రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కూడా కూర్చోగలరు, వాళ్లని కూర్చోనివ్వాలి.

గుణదల_అక్క

ఇంజనీరు గారూ, కొన్నేళ్లు అక్కడ ఉన్నా ఈ సంగతి నాకు తెలియదు. మా పెద్దావిడ మాత్రం అకింజీ పేరు చెప్పినప్పుడు తిట్టేది కాదు. మిగతా అందర్నీ తిట్టేది. ఇప్పుడు తెలిసింది ఎందుకో. తర్వాత అకింజీ ఉత్తరానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

నికోసియా_తెనాలి

2020 ఫిబ్రవరి ఆఖర్లో కోవిడ్ పేరుతో లెడ్రా స్ట్రీట్ గేటు మూసేశారని ఇక్కడివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. అప్పటికి ఇక్కడ ఒక్క కేసు కూడా బయటపడలేదట. అటు నుంచి ఇటు రోజూ పనికి వచ్చే టర్కిష్ సైప్రియట్ మేస్త్రీలు, కూలీలు, ఇటు హాస్పిటళ్లలో మందులు వాడే కేన్సర్ రోగులు చిక్కుల్లో పడ్డారు. అన్ని దారులూ మళ్లీ పూర్తిగా తెరుచుకోవడానికి 2021 జూన్ దాకా పట్టింది. కృష్ణలంక అంకుల్ చెప్పిన కథ లాంటివి అక్కడా ఉన్నాయి.

ఇంకో సంగతి. రెండు వైపులా మొబైల్ సిగ్నల్ కలిపింది 2019లోనే. అంతకుముందు ఊళ్లో అటు వెళ్తే ఫోన్ చచ్చిపోయేదట.

లక్ష్మీపురం_గుంటూరు

అందరూ ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను. గుణదల అక్క చెప్పినట్టు రాసివ్వమని అడిగాం. రాసివ్వలేదు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని లెటర్ పెట్టాం, రసీదు తీసుకున్నాం. ఇవ్వకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్తామని మా తమ్ముడు అంటున్నాడు. పిల్ల ఈ ఏడాది ఇక్కడే ఉండి ఐఈఎల్‌టీఎస్ రాస్తానంటోంది.

అక్కా, ఇంకొక్కటి అడగనా? ఆ పెద్దావిడ ఎవరు, ఆవిడ ఇల్లు ఎటు వైపు? నాకు ఎందుకో ఆవిడ గురించే మనసులో మెదులుతోంది.

గుణదల_అక్క

ఆవిడది ఉత్తరాన సముద్రం ఒడ్డున కైరీనియా దగ్గర పల్లెటూరు. 1974లో ముగ్గురు పిల్లలతో, పొయ్యి మీద గిన్నె అలాగే వదిలి వచ్చేశారట. తమ్ముడు కనపడకుండా పోయాడు. అక్కడ కనపడకుండా పోయినవాళ్లు రెండు వైపులా కలిపి 2,000 మంది దాకా ఉన్నారు. 1981లో రెండు వర్గాలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. 2006 నుంచి తవ్వి, ఎముకలకి డీఎన్‌ఏ పరీక్ష చేసి ఇళ్లకి అప్పగిస్తున్నారు. తవ్వేవాళ్లలో గ్రీకు పిల్లలూ, టర్కిష్ పిల్లలూ కలిసే ఉంటారు. తమ్ముడి కోసం ఈవిడ కూడా రక్తం ఇచ్చింది. నేనున్నన్నాళ్లూ కబురు రాలేదు.

2003 ఏప్రిల్ 23న గేటు తీసినప్పుడు వేల మంది క్యూ కట్టారట. ఆవిడ కూతురి కార్లో వెళ్లింది. ఇంట్లో వేరే కుటుంబం ఉంది. వాళ్లు కూడా నిర్వాసితులే, దక్షిణాన పాఫోస్ నుంచి వెళ్లినవాళ్లు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. ఈవిడ పెళ్లి ఫొటోలు అన్నేళ్లూ దాచిపెట్టి చేతికిచ్చారు. ఈవిడ నాకు ఆ ఫొటోలు చూపించి, వాళ్లు మంచివాళ్లు అనేది. ఆ వెంటనే, అయినా ఇల్లు నాది అనేది. మరుసటి ఏడాదే రెండు వైపులా కలుపుదామని ఐక్యరాజ్యసమితి ప్లాన్ మీద ఓటింగ్ పెడితే ఈవిడ వద్దని వేసింది. కూతురు కావాలని వేసింది.

పటమట_బెజవాడ

అదేంటండీ, ఇల్లు కావాలనుకునే మనిషి కలవడం వద్దని ఎందుకు వేసింది?

బ్రాడీపేట_మాస్టారు

2004 ఏప్రిల్ 24 నాటి ఓటు అది. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం సరేనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. ఆ ప్లాన్‌లో నిర్వాసితులందరికీ ఇళ్లు పూర్తిగా తిరిగి రావు, కొందరికి పరిహారం మాత్రమే. టర్కీ సైన్యం కూడా ఒక్కసారిగా వెళ్లిపోదు. ఇల్లు కావాలనుకున్నవాళ్లే వద్దని వేశారు, ఇదే నాకు దక్కేదైతే సంతకం పెట్టను అని. వారం రోజుల్లో సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయింది. తర్వాత ఉత్తరాన ఆస్తుల కమిషన్ ఒకటి పెట్టారు. పాత యజమానులు దానికి దరఖాస్తు చేసుకుని పరిహారం తీసుకోవచ్చు. యూరప్ మానవ హక్కుల కోర్టు 2010లో ఆ దారిని ఒప్పుకుంది.

మాచర్ల_రోడ్డు

పులిచింతల ముంపులో మా అమ్మమ్మ వాళ్ల ఊరు పోయింది. పరిహారం తీసుకున్నారు. నీళ్లు తగ్గినప్పుడు పునాదులు కనిపిస్తాయేమోనని అమ్మమ్మ వెళ్లి చూసి వచ్చేది. ఆ ఊళ్లో ఇప్పుడు ఎవరూ లేరు, నీళ్లే ఉన్నాయి. అదే ఇల్లు నిలబడి ఉండి, దీపాలు వెలుగుతూ, వేరేవాళ్లు కాపురం చేస్తుంటే అమ్మమ్మ తట్టుకునేదా అని ఆలోచిస్తున్నాను. అక్కా, ఆ పెద్దావిడ కమిషన్‌కి అప్లై చేసుకుందా?

గుణదల_అక్క

లేదు తమ్ముడూ. డబ్బు తీసుకుంటే ఇల్లు అమ్మినట్టే, నేనెప్పుడు అమ్మాను అనేది. ఆవిడ పోయాక కూతురు అప్లై చేసింది. పెద్ద కొడుక్కి అది నచ్చలేదు. నాకు కూతురే ఫోన్ చేసి చెప్పింది. కేసు ఇంకా నడుస్తోందట. పాఫోస్ వాళ్ల అబ్బాయి ఆమెకి ఫోన్ చేసి, కాగితాలు ఏమైనా కావాలంటే నేను సంతకం పెడతాను, అక్కడ మా నాన్న ఇంటి సంగతి మీరు కనుక్కుని పెడతారా అని అడిగాడట. ఈ ఆదివారం పాఫోస్ వెళ్లి ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూసి వస్తానంది.